బన్ను బాబాయి గోడకి పట్టిన చెమ్మ

బన్ను బాబాయి మాకు చుట్టమేమీ కాదు. వాటాల ఇంట్లో మా పక్క వాటాలో అద్దెకుండేవాడు, అంతే. పొద్దున్నే బేకరీ నుంచి వస్తూ వేడి బన్నుల పొట్లం పట్టుకుని నడవలో నిలబడి "లేచారా, ఇంకా దొర్లుతున్నారా?" అని కేకేసేవాడు. అలా పిల్లలకి బాబాయి అయ్యాడు. పిల్లలకి బాబాయి అయినవాడు పెద్దవాళ్ళకి మాత్రం ఏమవుతాడు? ఆయన కంటే పదేళ్ళు పెద్దయిన మా ఆయన కూడా బాబాయ్ అనే పిలిచేవాడు.

ఆయనది రాత్రి పని. ఊరంతా పడుకున్నాక పిండి కలిపి, ఊరు లేచేసరికి పొయ్యి ఆర్పి ఇంటికొచ్చేవాడు. మధ్యాహ్నం మనమంతా పనుల్లో ఉంటే ఆయన చెవుల్లో దూది పెట్టుకుని నిద్రపోయేవాడు. పిన్ని బట్టల కొట్లో పని చేసేది. ఆవిడ వెళ్ళేటప్పుడు ఆయన వచ్చేవాడు, ఆవిడ వచ్చేటప్పుడు ఆయన వెళ్ళేవాడు. "మా కాపురం గుమ్మం దగ్గరే జరుగుతుంది" అని పిన్ని నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు వెనక ఒక కోరిక ఉండేది. అద్దె వాటాలో ఉన్నది ఒకటే గది. అందులో ఆయన పడుకుంటే ఆవిడ గరిట కూడా చప్పుడు కాకుండా తిప్పాలి. రెండు గదులున్న ఇల్లు, ఒక దాంట్లో ఆయన నిద్రపోతే ఇంకో దాంట్లో తను గట్టిగా దగ్గే వీలున్న ఇల్లు, అదే ఆవిడకి కావలసింది.

మొత్తానికి రెండు వీధుల అవతల చిన్న స్థలం కొన్నారు. ఓ పక్క ఖాళీ. రెండో పక్క నర్సమ్మగారి ఇల్లు.

నర్సమ్మగారు ఆసుపత్రిలో పని చేసి మానేసి చాలా కాలమైంది, కానీ ఆసుపత్రి ఆవిణ్ణి మానలేదు. వీధిలో ఎవరు తుమ్మినా గేటు దగ్గరికొచ్చి చూసేది. ఒంటరి మనిషి. మాట కరుకు, నడక ఇంకా కరుకు. అయినా బాబాయి మొదటి రోజే వెళ్ళి, "మీ పక్కన ఇల్లు కట్టుకుంటున్నామండీ, చిన్నవాళ్ళం, మీరే చూసుకోవాలి" అని దణ్ణం పెట్టి వచ్చాడు. ఆవిడా "దానికేముంది బాబూ" అంది. అక్కడి వరకూ బాగానే ఉంది.

ఇసుక లారీ వచ్చిన రోజు చెడింది. ఆ డ్రైవరుకి తొందరెక్కువ, ఇసుకంతా తీసుకెళ్ళి నర్సమ్మగారి గేటు ముందు గుమ్మరించి వెళ్ళిపోయాడు. ఆవిడ బయటికి రావాలంటే గేటు తెరుచుకోదు. బాబాయి అప్పుడే పని నుంచి వచ్చి, కళ్ళు మూతలు పడుతుండగా, పార పట్టుకున్నాడు.

"ఇల్లు కట్టుకుంటున్నావా, నన్ను సమాధి చేస్తున్నావా?" అని గేటు అవతల నుంచి ఆవిడ.

నిద్రలేని మనిషి నోరు ఊరుకుంటుందా? "మీ ఇల్లు కట్టినప్పుడు ఇసుక ఆకాశంలోంచి పడిందాండీ?" అనేశాడు.

అంతే. ఆవిడ లోపలికెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. బాబాయి మంచివాడే, వెళ్ళి ఒక్క మాట అంటే పోయేది. కానీ ఇద్దరు మంచివాళ్ళకి మాటలు పోతే కలపడం మహా కష్టం. ఎదుటివాళ్ళు బాధపడ్డారని ఎవరికి వాళ్ళు సిగ్గుపడి తప్పుకు తిరుగుతారు.

గోడలు లేచాయి. కొత్త గోడలకి వారం రోజులు నీళ్ళు పట్టాలన్నాడు మేస్త్రీ. బాబాయి రోజూ పొద్దున్న బేకరీ నుంచి సరాసరి అక్కడికే వెళ్ళి నాలుగు గోడలకీ బకెట్లతో నీళ్ళు కొట్టేవాడు. నర్సమ్మగారి వైపు గోడకీ, ఆవిడ నడుమెత్తు ప్రహరీకీ మధ్య సన్నటి సందు. అందులో దూరి, ఆవిడ కంట పడకుండా తల వంచుకుని నీళ్ళు చల్లి వచ్చేవాడు. వారం అయ్యాక మేస్త్రీ, "చాలు గురువుగారూ. గోడలు ఆరనివ్వండి. సెంట్రింగు చెక్కలు దొరకగానే వచ్చి స్లాబు పోస్తాను" అని వేరే పనికెళ్ళాడు.

గోడలు ఆరాయి. మూడు గోడలు. నాలుగోది ఆరలేదు.

మొదట బాబాయి పట్టించుకోలేదు. పొద్దున్నపూట నీడ పట్టున ఉంటుంది కదా, ఆలస్యమవుతుందిలే అనుకున్నాడు. మిగతా మూడూ తెల్లబడి పొడిగా ఉంటే, నర్సమ్మగారి వైపుది మాత్రం కింద నుంచి ఛాతీ ఎత్తు వరకూ నల్లగా, తడిగా, చెయ్యి పెడితే చల్లగా ఉంది. సందులో నేల కూడా చిత్తడి. బాబాయికి ఓ అలవాటు ఉంది. రొట్టె కాలిందో లేదో తెలియాలంటే దాన్ని తిరగేసి అడుగున వేలితో కొడతారట, డొల్ల చప్పుడొస్తే కాలినట్టు. ఈయన గోడల్నీ అలాగే కొట్టి చూసేవాడు.

"అవి మూడూ టకటకా అంటున్నాయి. ఇది మాత్రం పచ్చి పిండిలా ఉంది. ఏం అర్థం కావట్లేదు" అన్నాడు ఓ రోజు మా ఆయనతో.

"నువ్వు గోడ కట్టావా, రొట్టె కాల్చావా?" అన్నాడు మా ఆయన. కానీ వెళ్ళి చూసొచ్చి ఆయనా తల గోక్కున్నాడు.

మేస్త్రీని పిలిచారు. గోరుతో సిమెంటు గీకాడు, సందులో మట్టి తీసి వాసన చూశాడు. పెద్ద వైద్యుడిలా మొహం పెట్టాడు.

"కింద నుంచి వస్తోంది గురువుగారూ. పునాదిలోంచి నీళ్ళు పీలుస్తోంది. పక్కింటావిడ మురుగు గొట్టం ఎక్కడో పగిలింది. లేదా అడుగున పాత నుయ్యేదో ఉండాలి."

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఇది ఆరేదాకా స్లాబు పొయ్యను. ఈ గోడ మీద బరువు పెట్టి, రేపు అది కూర్చుంటే నా తలకి చుట్టుకుంటుంది. ఆరలేదా, కూల్చి పునాది నుంచి మళ్ళీ కట్టాలి."

కూల్చి మళ్ళీ కట్టడం! పిన్ని అక్కడే ఇటికల మీద కూలబడింది. వానాకాలానికి ముందే స్లాబు పడకపోతే ఇంకో ఏడాది ఆ ఒక్క గదిలోనే. "ఆ గోడకి ఏం పాపం చేశాను నేను" అంటుంది, మళ్ళీ ఆ గోడనే తడిమి చూస్తుంది.

ఇక సలహాలు మొదలయ్యాయి. మనవాళ్ళకి నోట్లో నువ్వుగింజ నానదు గానీ ఇంకొకరి గోడలో ఎన్ని నీళ్ళు నానుతున్నాయో చెప్పమంటే అందరూ ఇంజినీర్లే. ఇసుకలో ఉప్పుందని ఒకరు. ఇటికలు కాలలేదని ఒకరు. నీళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, పొడుగాటి ఇనపకడ్డీ నేలకి గుచ్చి, రెండో కొస చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. అందరం ఊపిరి బిగబట్టాం.

"ఏమైనా వినపడుతోందా?" అంది పిన్ని.

"వినపడుతోంది."

"ఏమిటి?"

"మీ మాటలు. కాస్సేపు ఊరుకోండమ్మా."

ఇంకాసేపు విని, కడ్డీ పీకేసి, కింద మా గొట్టాలేమీ కారట్లేదన్నాడు. ఆయన పోతూ ఆ గోడ వైపు చూసిన చూపుంది చూశారూ, దాన్నేమనాలో నాకిప్పటికీ తెలీదు.

ఇక మిగిలింది నర్సమ్మగారి మురుగు గొట్టం. అది ప్రహరీ పక్కనే, ఆవిడ బట్టలుతికే బండ కింద నుంచి పోతుంది. చూడాలంటే ఆవిడ పెరట్లో తవ్వాలి. తవ్వాలంటే అడగాలి. అడగాలంటే మాటల్లేవు.

రెండిళ్ళకీ బట్టలు తెచ్చిచ్చే ఇస్త్రీ మామయ్య దొరికాడు. బాబాయి ఆయనకి ఒకటికి రెండుసార్లు చెప్పాడు, "ఇదిగో మామా, మీ గొట్టం పగిలిందట అని మాత్రం అనకు. తప్పు ఆవిడ మీదకి తోసినట్టుంటుంది. అసలే కోపంగా ఉంది. మీ బండ దగ్గర కాస్త తవ్వుకోవాలి, మళ్ళీ ఎలా ఉన్నది అలా చేసిస్తాం అని మర్యాదగా అడుగు."

"ఎందుకు అంటే?"

"ఇంటి పని అను."

మామయ్య వెళ్ళాడు, వచ్చాడు. "తవ్వుకోమంది."

"ఎందుకని అడగలేదా?"

"అడగలేదు. 'పాపం' అంది."

"పాపమా? ఎవరు పాపం?"

"నాకేం తెలుసు? పాపం అంది, అంతే. చీరలు తీసుకుంది, లోపలికెళ్ళింది."

ఆ 'పాపం' గురించి ఆ సాయంత్రం వాటాల్లో పెద్ద చర్చ. గొట్టం పగిలిన సంగతి ఆవిడకి ముందే తెలుసు కాబట్టే పాపం అందని మా ఆయన. లేదు, మనల్ని చూసి జాలిపడిందని పిన్ని. బాబాయి మాత్రం రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుని, అలాగే లేచి పనికెళ్ళిపోయాడు.

మేస్త్రీ మనుషులు నర్సమ్మగారి బండ పగలగొట్టారు. పెరటి పంపు కట్టేశారు. గొట్టం బయటపెట్టారు. అది రాయిలా ఉంది. ఎక్కడా బీట లేదు, చెమ్మ లేదు. మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. "పైకి బాగానే ఉంటుంది గురువుగారూ, లోపలేదో ఉంటుంది. ఎందుకైనా మంచిది, కొత్తది వేసేద్దాం" అన్నాడు. కొత్తది వేయించారు. బండ కొత్తది కట్టించారు, పాతదానికంటే నున్నగా. ఇదంతా అవడానికి వారం పైనే పట్టింది.

విచిత్రం చూడండి, ఆ వారంలో గోడ ఆరింది! మొదట అంచులు తెల్లబడ్డాయి, తర్వాత మధ్యలో. బాబాయి వేలితో కొడితే టకటకా అంది. ఆ పొద్దున్న ఆయన వాటాల్లో అందరికీ రెండేసి బన్నులు పంచాడు. "గొట్టమే! చూశారా, గొట్టమే!" అని మేస్త్రీ రొమ్ము విరుచుకున్నాడు. పైకి బాగానే ఉన్న గొట్టం లోపల ఎలా కారిందో నాకు అర్థం కాలేదు గానీ, సంతోషంగా ఉన్నవాళ్ళని ప్రశ్నలడగడం నాకు చేతకాదు.

పెరట్లో మట్టి పూడ్చారు. పంపు విప్పారు. మూడో రోజు సాయంత్రం బాబాయి పనికెళుతూ గోడ చూడబోయి, అక్కడి నుంచే పరిగెత్తుకుంటూ వెనక్కొచ్చాడు.

"తడిసింది."

"ఎంత వరకూ?" అన్నాను.

ఆయన చెయ్యి తల మీద నుంచి పైకెత్తి చూపించాడు. ఇదివరకు ఛాతీ వరకే. ఇప్పుడు కిటికీ పై అంచు దాటింది.

ఇంక అర్థం చేసుకోవడానికి ఎవరికీ ఓపిక లేదు. నీళ్ళు కిందకి పారతాయని చిన్నప్పటి నుంచీ విన్నాం. ఈ గోడలో ఎక్కుతున్నాయి. మేస్త్రీ వచ్చి చూసి, చేతులు దులుపుకుని, "కూల్చేద్దాం" అన్నాడు. బాబాయి తలూపాడు. ఎందుకూపాడో ఆయనకే తెలీదట. నిద్రలో ఊపినట్టు ఊపానన్నాడు తర్వాత.

మర్నాడు మధ్యాహ్నమే పని పెట్టారు. బాబాయి నిద్ర మానుకుని వచ్చాడు. పిన్ని కొట్టుకి సెలవు పెట్టింది. నేనూ తోడు వెళ్ళాను, ఆవిడ ఏడుస్తుందేమోనని. మేస్త్రీ పరంజా ఎక్కి పై వరస ఇటికల కింద గునపం పెట్టి ఎత్తాడు. ఒక్కో ఇటిక ఊడి సందులోకి పడుతుంటే, పిన్ని ఒక్కోదానికీ కళ్ళు మూసుకుంటోంది. నిజం చెప్పాలంటే ఇటికలు అంత తేలిగ్గా ఊడట్లేదు. గోడ ఉక్కులా ఉంది. మేస్త్రీ చెమటలు కక్కుతూ, "ఇంత పాడు గోడ ఇంత గట్టిగా ఎలా ఉందబ్బా" అని తనలో తనే గొణుక్కుంటున్నాడు.

అప్పుడు ప్రహరీ అవతల నుంచి వినపడింది. "ఏమిటయ్యా ఆ దెబ్బలు?"

నర్సమ్మగారు. ఓ చేతిలో రబ్బరు పైపు, ఇంకో చేతిలో చిన్న ఎత్తుపీట.

బాబాయి తల దించుకున్నాడు. మేస్త్రీయే చెప్పాడు, "గోడ కూలుస్తున్నామండీ."

"ఎందుకు?"

"చెమ్మ పట్టిందమ్మా. ఎక్కడి నుంచి వస్తోందో తెలీకుండా ఒకటే నీళ్ళు."

"తెలీకపోవడమేమిటి? నేనేగా రోజూ పోస్తున్నాను."

మేస్త్రీ చేతిలో గునపం అలాగే ఆగిపోయింది. నాకైతే విన్నమాట చెవిలోంచి బుర్రలోకి వెళ్ళడానికి దారి దొరకలేదు.

"మీరా?" అంది పిన్ని ఆఖరికి.

"మరి ఎవరు పోస్తారు? ఈ అబ్బాయి రోజూ పొద్దున్న వచ్చి నీళ్ళు కొట్టేవాడు. ఉన్నట్టుండి మానేశాడు. ఎందుకు మానేశాడు? నేనేదో అన్నానని, నా మొహం చూడలేక ఈ పక్కకి రావడమే మానేశాడు. నా మాట వల్ల గోడ ఎండిపోతుంటే చూస్తూ కూర్చోమంటావా? మా ఇంటి గోడలకి నీళ్ళు చాలకే ఇలా పగుళ్ళిచ్చాయి" అని తన గోడ చూపించింది. నిజమే, పై నుంచి కింద దాకా వేలు పట్టేంత బీట. "అందుకే మధ్యాహ్నం ఎండ ఈ గోడ మీదకి రాగానే పైపు పెట్టేదాన్ని. ధార పైకి రాదు, అందినంత వరకూ పోసేదాన్ని."

"మరి ఇప్పుడు పైదాకా?" అన్నాడు బాబాయి. ఇసుక లారీ తర్వాత ఆవిడతో ఆయన అన్న మొదటి మాట అదే.

ఆవిడ పీట చూపించింది. "నువ్వు నా ఇంటికి కొత్త గొట్టం వేయించావు, కొత్త బండ కట్టించావు. ఇసుక గొడవకి ఇంత మనసులో పెట్టుకున్నావా పాపం అనుకున్నాను. అంత చేసిన మనిషికి నేను సగం గోడ తడిపి ఊరుకుంటానా? పీట వేసుకుని ఎక్కాను. ఈ వయసులో!"

మా పిన్నికి నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో నేను పక్కనుండీ చెప్పలేను. కొంగు నోట్లో కుక్కుకుంది, భుజాలు ఒకటే ఊగుతున్నాయి. బాబాయి ఇటికల కుప్ప మీద కూర్చుండిపోయాడు. ఆయన మొహంలో కోపం లేదు, సంతోషం లేదు. పొరపాటున ఎవరి గది తలుపో తీసినవాడి మొహంలా ఉంది.

"వారం పోస్తే చాలన్నాడండీ మేస్త్రీ, అందుకే మానేశాను" అన్నాడు మెల్లిగా.

"నాకెవరు చెప్పారు?"

నిజమే, ఎవరు చెప్పారు? బాబాయి మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ నా వైపు చూశాడు. నా వైపెందుకో!

ఆవిడ ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "ఉండు. కోపం పోగొట్టడానికి కాకపోతే మరి నా బండెందుకు పగలగొట్టావు?"

ఇదీ అసలు ప్రశ్న. మేస్త్రీ పరంజా మీద అటు తిరిగి, లేని పనేదో వెతుక్కున్నాడు. ఏదో ఒకటి చెప్పి దాటెయ్యమని నేను బాబాయికి కళ్ళతో సైగ చేశాను. ఇప్పుడే కలిసిన మాటలు మళ్ళీ తెగుతాయేమోనని నా భయం. బాబాయి చూశాడు కూడా. చూసి, లేచి నిలబడి, ప్రహరీ దగ్గరికెళ్ళాడు.

"మీ మురుగు గొట్టం కారి మా గోడ పాడవుతోందనుకున్నామండీ."

"నా గొట్టమా?"

"అవునండీ."

"నన్ను ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే మీకు కోపం వస్తుందని..."

"ఇప్పుడు రాలేదనుకున్నావా?" అని గిరుక్కున తిరిగి లోపలికెళ్ళిపోయింది. పైపూ, పీటా అక్కడే వదిలేసింది.

మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కోపం వచ్చినట్టా, పోయినట్టా? గోడ కూల్చాలా, వద్దా? "కూల్చకు" అని పిన్ని. ఊడదీసిన ఇటికలు మళ్ళీ పెట్టమని బాబాయి. మేస్త్రీ నోరెత్తకుండా సిమెంటు కలిపి, పై వరస తిరిగి కట్టాడు. ఆయన అంత నిశ్శబ్దంగా పని చేయడం నేను మళ్ళీ చూడలేదు. ఆరగానే స్లాబు పోస్తాననీ, ఈసారి మాట తప్పననీ మాత్రం అన్నాడు. పిన్ని అప్పటికే లోపల గదిలోకెళ్ళి, కప్పు లేని ఆ గదిలో నిలబడి, గట్టిగా ఒకసారి దగ్గి చూసుకుంది.

మేస్త్రీ తాపీ కడుక్కుంటుండగా నర్సమ్మగారి పెరటి తలుపు చప్పుడైంది. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వచ్చి, పీట ప్రహరీకి ఆనించి, పైపు చేతిలోకి తీసుకుంది. కొత్త వరస వైపు చూసింది.

"దీనికి ఎన్ని రోజులు?"

"వారం చాలమ్మా" అన్నాడు మేస్త్రీ.

"పది రోజులైతే మంచిదేమోనండీ" అన్నాడు బాబాయి.

"పై వరసే కదా, నాలుగు రోజులు సరిపోదూ?" అంది పిన్ని లోపలి నుంచి.

నర్సమ్మగారు పీట ఎక్కింది. "ముగ్గురూ ఓ మాట మీదకి వచ్చి నాకు చెప్పండి. ఇస్త్రీ అతనితో కాదు, మీరే వచ్చి చెప్పండి. అప్పటిదాకా నేను పోస్తూనే ఉంటాను."